లేత ఆకుపచ్చ గీత

ఆ గీతను పడుకోబెట్టింది మీరు. పైకి లేస్తున్న గీతను మెడ పట్టి నేలకు వంచి, దానికి లేత ఆకుపచ్చ రంగు పూసి, పైన “సరుకుల లిఫ్టు: పరిస్థితి నిలకడగా ఉంది” అని రాసి, పన్నెండు మంది పెద్దమనుషుల చేత తల ఊపించింది మీరు. పెద్ద మేనేజరు గారూ, మీరు. పాలిష్ గారూ, మీరు కూడా. రేపు మాకు తెలియదని నీళ్ళు నమలకండి. చెప్పినవాణ్ణి నేను ఉన్నాను.

జరిగింది జరిగినట్టు రాస్తాను, మిగతావాళ్ళు కూడా చదవాలి కనుక.

నేను బట్టల ఫ్యాక్టరీలో లిఫ్టు మెకానిక్కుని. కింద గోడౌను, నాలుగో అంతస్తులో కటింగు సెక్షను. గుడ్డ థానులు సరుకుల లిఫ్టులో పైకి పోతాయి. ఒక్కో థాను ఒక మనిషంత బరువు. వాటిని పట్టుకుని ఇద్దరు లోపల నిలబడాలి, లేకపోతే అవి దొర్లి తలుపుకు అడ్డం పడతాయి. అలా నిలబడేవాళ్ళలో మా అన్న భార్య ఒకతె. రోజుకు ముప్పై సార్లు పైకి, ముప్పై సార్లు కిందికి.

ఆ లిఫ్టు ఇనుప తాడు మీద వేలాడుతుంది. తాడంటే సన్నటి తీగల పేట. వాడుతున్నకొద్దీ ఆ తీగలు ఒక్కొక్కటే తెగుతాయి. నెలకోసారి లిఫ్టు ఆపి, పైకెక్కి, గుడ్డతో గ్రీజు తుడిచి, అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్న జానెడు చోట ఎన్ని తెగాయో లెక్కపెట్టి రాసిస్తాను. పది తెగితే తాడు మార్చాలి. అది నేను పెట్టిన నియమం కాదు, లిఫ్టు చేసినవాళ్ళు తమ పుస్తకంలో అచ్చేసినది. మూడు నెలల కింద రెండు తెగి ఉన్నాయి. తర్వాత మూడు. తర్వాత ఐదు. ఈసారి తొమ్మిది.

తాడు మార్చాలంటే లిఫ్టు నాలుగు రోజులు ఆగాలి. ఆపమనే అధికారం పెద్ద మేనేజరుది. ఆయనకు ఏ విషయమైనా నెలవారీ మీటింగులో, తెర మీద, స్లైడుగానే చేరాలి. ఆ స్లైడులు చేసే ఆఫీసు మనిషినే మేమంతా పాలిష్ గారు అంటాం. చేతకానివాడని అనను. ఆయన చేసిన స్లైడు చూస్తే కంటికి హాయిగా ఉంటుంది. నా గొడవంతా ఆ హాయితోనే.

ఈ నెల మీటింగులో నేను వెనక గోడకు ఆనుకుని నిలబడి చూశాను. నా రెండు, మూడు, ఐదు, తొమ్మిది తెర అడుగున పాకుతున్నాయి. అయిపోయాక ఆయన్ని వరండాలో పట్టుకున్నాను.

“సార్, తొమ్మిదికి వచ్చింది లెక్క. మీ గీతేమో పక్కేసుకుని పడుకుంది.”

“స్కేలు వంద దాకా ఉంటుందయ్యా. అన్ని డిపార్ట్‌మెంట్లకీ అదే టెంప్లేటు. హాజరు శాతం, కరెంటు పొదుపు శాతం, అన్నీ ఒకే వరసలో కనపడాలి కదా.”

“తెగిన తీగలకి శాతమేంటండీ? వంద తెగేదాకా లిఫ్టు ఆగుతుందా?”

“నువ్వు అంకెలిచ్చావు, నేను పెట్టాను. ఒక్కటైనా తప్పు వేశానా?”

వేయలేదు. అక్కడే ఒళ్ళు మండింది.

“పోనీ, ఎర్ర రంగైనా వేయండి.”

“ఎరుపు మన కంపెనీ రంగుల్లో లేదు.”

పెద్ద మేనేజరు దగ్గరికే వెళ్ళాను. ఆయన ఫోను చూసుకుంటూ, “బుధవారం ఇంకో మీటింగుంది, పది నిమిషాలు తీసుకో. స్లైడులు తెచ్చుకో. ఉత్త మాటలు ఎవరూ వినరు” అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం అన్న కంప్యూటర్ ముందు కూర్చుని నాకు తెలిసినదంతా ఒకే స్లైడులో కుక్కాను. ముప్పై ఒక్క లైన్లు. వదిన వచ్చి నా భుజం మీదుగా చూసింది.

“ఏంటి మరిదీ ఇది, స్లైడా, టిక్కెట్ల క్యూనా?”

“అన్నీ ముఖ్యమే వదినా.”

“అందులో వేలాడేదాన్ని నేను. నాకే మూడో లైనులో ఆవలింత వచ్చింది. ఏసీలో కూర్చున్నోళ్ళకి రాదా? అసలు నువ్వడిగేదేంటి, ఒక్క ముక్కలో చెప్పు.”

“లిఫ్టు ఆపమని.”

“మరి అదేదీ ఇందులో?”

వెతికాను. ఇరవై ఎనిమిదో లైనులో ఉంది. పాలిష్ గారు అందంగా దాచినదాన్ని నేను అసహ్యంగా దాచాను, అంతే తేడా. సిగ్గేసింది.

అన్నీ కొట్టేశాం. రెండే మిగిలాయి. మొదటిది తాడు ఫోటో, తెర నిండా, పైన ఒక్క అక్షరం లేకుండా. తెగిన తీగలు ముళ్ళలా లేచి ఉంటాయి, పక్కన నా బొటనవేలు, ఎంత పెద్దవో తెలియడానికి. రెండోది గీత. స్కేలు పది దగ్గర ఆపాను. పది మీద అడ్డంగా ఎర్ర గీత. కింద పెద్ద అక్షరాల్లో: “తొమ్మిది తెగాయి. ఈ రోజే లిఫ్టు ఆపండి.”

వదిన నన్ను నిలబెట్టి అప్పజెప్పించుకుంది. “తెర వైపు తిరిగి చదవకు. నీ వీపు చూడటానికి ఎవరూ రారు. వాళ్ళ మొహాల్లోకి చూసి చెప్పు, చెప్పి ఊరుకో. నోరు మూసుకోవడం కూడా నేర్చుకోవయ్యా.”

ఏ స్లైడైనా ఒకరోజు ముందు పాలిష్ గారి చేతి మీదుగా పోవాలి. ఇచ్చాను. తిరిగి అడిగి చూసుకోలేదు. అది నా బుద్ధితక్కువ.

బుధవారం పదకొండు గంటలకు తెర వెలిగింది. నా తాడు కుడి మూలకు పోయి అగ్గిపెట్టెంత అయ్యింది, అంచులు గుండ్రంగా కత్తిరించి ఉన్నాయి. దాని పక్కన హెల్మెట్ పెట్టుకుని నవ్వుతున్న ఎవరో మనిషి. పైన కంపెనీ గుర్తు, తాడుకంటే పెద్దది. రెండో స్లైడులో స్కేలు మళ్ళీ వందకు పోయింది, గీత మళ్ళీ ఆకుపచ్చగా పడుకుంది. కింద నా వాక్యం చోట, “తాడు నిర్వహణపై దృష్టి కొనసాగుతోంది.”

పన్నెండు మంది తలలు ఊపారు. పెద్ద మేనేజరు, “బాగుంది. నెక్స్ట్” అన్నాడు.

“నెక్స్ట్ లేదు సార్. ఇదే.”

బల్ల మీద ఎర్ర మార్కరు ఉంది. తీసుకుని తెర మీదే, పది ఉండాల్సిన చోట, ఈ చివర నుంచి ఆ చివరకు అడ్డంగా గీశాను. నేలబారుగా ఉన్న ఆకుపచ్చ గీత కొస వెళ్ళి నా ఎరుపు కింద దాదాపు ఆనుకుంది. మధ్యలో వెంట్రుకంత సందు. వాళ్ళ వైపు తిరిగి, “ఆ సందులో మా ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. లిఫ్టు ఇప్పుడే ఆపండి” అన్నాను. నోరు మూసుకున్నాను.

గోడౌను మేనేజరు గొంతు సవరించుకున్నాడు.

“అది దాటితే ఏమవుతుంది?”

“దాటాక నేనొచ్చి చెప్పక్కర్లేదు సార్. చప్పుడు ఇక్కడిదాకా వినపడుతుంది.”

ఆయన మొహం మారింది. ఒక్క క్షణం ఆ గది నా చేతిలో ఉంది. అప్పుడు పాలిష్ గారు లేచి తెర దగ్గరికి వెళ్ళి, వేలితో రుద్ది చూశాడు.

“ఇది చెరిగే సిరా కాదు సార్. తెర పోయింది.”

పన్నెండు మందీ తెర పాడైన సంగతి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

“వచ్చే నెల సరిచేసి పెట్టండి” అన్నాడు పెద్ద మేనేజరు.

“ఏది సరిచేసేది సార్, గీతనా, తాడునా?”

జవాబుగా, ఆస్తి ధ్వంసం చేశానని నా చేతిలోని లిఫ్టు స్విచ్ గది తాళం తీసుకుని గేటు బయట నిలబెట్టారు. సాయంత్రం షిఫ్టు దిగి వచ్చిన వదినతో, రేపటి నుంచి ఎక్కొద్దన్నాను.

“నేనెక్కకపోతే వేరే పిల్లని ఎక్కిస్తారు. దానికి తాడు సంగతి తెలియను కూడా తెలియదు” అంది.

అందుకే ఇది అచ్చేయించి గేటు దగ్గర పంచుతున్నాను. కటింగు సెక్షను అక్కల్లారా, చెల్లెళ్ళారా, ఒక్కరు కూడా ఆ లిఫ్టులో కాలు పెట్టకండి, థానులు గోడౌనులోనే పడి ఉండనివ్వండి. పెద్ద మేనేజరు గారూ, మీరు ఇంకో మీటింగు పెట్టకండి. కుర్చీలోంచి లేవండి. మీరే స్విచ్ గదికి నడిచి వెళ్ళి కరెంటు తీసేయండి, తాడు విప్పించండి, కొత్తది కట్టించండి. నా ఉద్యోగం సంగతి తర్వాత చూసుకుందాం. లిఫ్టు ఈ పూటే ఆపండి.