ఒట్టు మీద వచ్చిన ఆబోతు

పెయ్యలు సిద్ధంగా ఉన్నాయి. ఆబోతే లేదు.

పిక్టన్ అవతల ఒక ముసలి దొర దగ్గర కౌలుకు తీసుకున్న గడ్డినేలలో, తల్లిపాలు మాన్పించినప్పటి నుంచి ఆ పెయ్యల్ని పెంచాను. నల్ల యాంగస్ పెయ్యలు, మాంసం జాతి. తొలిసారి ఆబోతుకు దాటించాలంటే పెయ్యకు వయసొస్తే చాలదు, ఒళ్ళు రావాలి. అలాగని కొవ్వు పట్టకూడదు. పొరుగు రైతు దగ్గర కాటా అరువు తెచ్చి తూచాను. తూకానికి అందనివాటిని మనసు చంపుకుని అమ్మేశాను. మిగిలినవాటికి టీకాలు వేయించాను. మనిషి దగ్గరికొస్తే బెదరకుండా రోజూ వాటి మధ్య తిరిగాను. ఎనిమిదో క్లాసుతో బడి మానేసినవాణ్ణి. ఏ చదువూ ఇంత శ్రద్ధగా చదవలేదు.

ఆబోతునూ అలాగే ఎంచాను. తొలిచూలులో పెద్ద దూడ పడితే తల్లీ పిల్లా రెండూ పోతాయి. పుట్టినప్పుడు చిన్నగా ఉండి తరవాత ఎదిగే దూడల్నిచ్చే ఆబోతు కావాలి. గౌల్‌బర్న్ దగ్గర అలాంటిది ఒకటి చూసి మాట్లాడుకున్నాను. తీరా తోలుకొచ్చే వారం ముందు పశువుల డాక్టరమ్మ పరీక్ష చేసి, ఇది పనికిరాదు, విత్తనంలో జీవం లేదు అంది. చూడ్డానికి మాత్రం కొండలా ఉంది.

"మనుషుల్లో లేరూ అలాంటోళ్ళు," అంది నా భార్య కనకదుర్గ, నావైపు చూడకుండానే.

అప్పటికి చుట్టుపక్కల ఆబోతులన్నీ ఎవరి మందల్లో అవి దిగిపోయాయి. సూదితో కట్టిద్దామంటే ఆ పనివాళ్ళకు తీరిక లేదు. ఈ వసంతం దాటితే ఏడాది పోయినట్టే. వచ్చే ఏటికి దూడలు కనబడకపోతే కౌలు ఇంకొకరికి ఇస్తానని దొర ముందే చెప్పాడు. అప్పుడు నేను మళ్ళీ కత్తి పట్టాలి.

కత్తి అంటే నిజం కత్తే. దుర్గ నర్సు వీసా మీద నేనీ దేశం వచ్చాను. నాతోపాటు వచ్చినవాళ్ళు కంప్యూటర్ల ముందు కూర్చుంటే, నన్ను కబేళాలో ఎముకల నుంచి మాంసం విడదీసే గదిలో నిలబెట్టారు. తొమ్మిదేళ్ళు. ఆ చలికి మొద్దుబారిన వేళ్ళతో ఇప్పటికీ చొక్కా గుండీ పెట్టుకోలేను. స్కోఫీల్డ్స్‌లో మనవాళ్ళు నోములకు దుర్గను పిలిచేవారు. నేను బయట కారులో కూర్చునేవాణ్ణి. లోపలికి రావద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా అనలేదు. ఆ ఇళ్ళల్లోని మగవాళ్ళే ఆదివారం పెరట్లో బార్బీ పొయ్యి వెలిగించి, ఏ మాంసమో పేరెత్తకుండా కాల్చుకు తినేవారు.

ఇక మిగిలింది కృష్ణమూర్తి డాక్టరుగారి ఆబోతు. ఆయన గుండె డాక్టరు, రిటైరై రాబర్ట్‌సన్ వైపు ఒక ఫారం కొన్నారు. ఫారంతోపాటు యాంగస్ మంద కూడా వచ్చింది. దానికి గోశాల అని పేరు పెట్టారు. ఆయన ఆవులన్నీ ముందే చూలు కట్టాయి. ఆబోతు ఊరికే తిరుగుతోంది. నెమ్మదైనది, చిన్న దూడల్నిస్తుందని పేరున్నది. నేనూ దుర్గా వెళ్ళాం.

"రావయ్యా మురళీ. షూస్ అక్కడ విప్పేయ్," అన్నారు డాక్టరుగారు. "ఏమ్మా దుర్గా, నైట్ షిఫ్ట్ చేసొచ్చావా? కళ్ళు అలా ఉన్నాయేం?"

ఆయన భార్య కాత్యాయనిగారు కాఫీ తెచ్చారు. నేను సంగతి చెప్పాను.

"ఆబోతుదేముంది, ఖాళీగానే ఉంది. కానీ నీవి బీఫ్ కోసం పెంచే హైఫర్స్ కదయ్యా."

"మీవీ అదే జాతండీ."

"జాతి అదే. పర్పస్ వేరు."

"ఆయనకి బైపాస్ అయ్యాక మొక్కుకున్నాం మురళీ," అన్నారు కాత్యాయనిగారు. "ప్రాఫిట్ మీద మాకు ఇంట్రెస్ట్ లేదు."

డాక్టరుగారు కప్పు కింద పెట్టారు. "ఒకటే కండిషన్. మా ఆబోతుకి పుట్టే దూడల్లో ఒక్కటి కూడా మీట్‌కి పోకూడదు. దేవుడి ముందు కర్పూరం ఆర్పి ఆ మాట చెప్పు. రేపే ట్రైలర్‌లో ఎక్కించుకుపో. నాకు డాలరు కూడా వద్దు."

"మరి మీ కోడెదూడలు ఏమవుతున్నాయండీ?"

"గ్రెగ్ తీసుకెళ్తాడు. మంచి ఫామ్స్ చూసి ఇస్తాడు."

"గ్రెగ్ నాకూ తెలుసండీ. కబేళాకి లారీ తోలేది అతనే."

దుర్గ నా కాలు తొక్కింది. డాక్టరుగారి మొహంలో మాత్రం ఏమీ కదల్లేదు.

"అతని చేత కూడా కర్పూరం ఆర్పించానయ్యా. ఇదిగో ఈ రూంలోనే. నో వర్రీస్ డాక్ అని ఆర్పాడు. చెయ్యి కాలిందని నవ్వాడు కూడా. తరవాత మాట తప్పితే ఆ కర్మ అతనిది. నేను చెయ్యాల్సింది నేను చేశాను."

గుండె డాక్టరు కదా, చెడు రక్తం ఎటు పోవాలో తెలిసినవాడు. పాపానికి కూడా అలాగే ఒక గొట్టం అమర్చుకున్నాడు. ఇప్పుడు దాని రెండో కొస నా ఇంట్లోకి పెడుతున్నాడు.

"గ్రెగ్‌కి కర్పూరం అంటే ఏంటో తెలీదండీ," అన్నాను. "నాకు తెలుసు."

"అందుకేగా నిన్ను అడుగుతోంది."

పూజగదిలో వెంకటేశ్వరస్వామి పటం ముందు వెండి పళ్ళెంలో కర్పూరం వెలిగించారు. దుర్గ నా చెవి దగ్గరికొచ్చింది.

"ఆర్పండి. పెయ్యలు ఎదలో ఉన్నాయి."

"అబద్ధం కదే."

"ఇదే మొదటిదా ఏంటి మనకి?"

నిజానికి నేను భక్తుణ్ణి కాను. కానీ తొమ్మిదేళ్ళు కోసింది కోశానని చెప్పుకునే బతికాను. ఎవరి ముందూ దాచలేదు. ఈ పెద్దమనిషి మనసు చల్లబడటానికి దేవుడి ముందు నిలబడి అబద్ధమాడటం నావల్ల కాలేదు. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాను.

కర్పూరం సగానికి వచ్చింది. డాక్టరుగారు వాచీ చూసుకున్నారు. మరునిమిషం దుర్గ నన్ను పక్కకు జరిపి, అరచెయ్యి మంట మీద బోర్లించింది.

"మా దూడ ఒక్కటి కూడా కత్తికి పోదు ఆంటీ," అంది.

కాత్యాయనిగారు ఆమె నుదుట కుంకుమ పెట్టారు.

తిరుగు దారిలో కారు నడుపుతూ, "బతికించావు," అన్నాను. "ఒట్టు తీసి గట్టున పెడితే సరి." దుర్గ అరచేతిలో లేచిన బొబ్బను ఊదుకుంటూ కూర్చుంది.

ఆబోతుకు మాత్రం వంక పెట్టడానికి లేదు. ట్రైలర్ దిగి, గాలి పీల్చి, తొందరపడకుండా పెయ్యల మధ్యకు నడిచింది. ఏది ఎదలో ఉందో చూసుకుంది, లేనిదాని జోలికి పోలేదు. పెద్దమనిషి తరహా. ఆరువారాలుంచుకుని తిప్పి పంపాను.

అది వెళ్ళిన సాయంత్రం కంచె దగ్గర నిలబడి, కోడెదూడల్ని ఎన్ని నెలలకు అమ్మితే మేలో దుర్గతో చెబుతున్నాను.

"ఏ కోడెలు?" అంది.

"పుట్టబోయేవే."

"అవి లారీ ఎక్కవు. పెయ్యదూడల్ని పెంచుకునేవాళ్ళకి ఇచ్చుకోండి. కోడెలు ఇక్కడే ఉంటాయి."

నవ్వాననుకుంటాను. ఆమె నవ్వలేదు.

"ఆర్పింది నేనండీ. రేపు ఆ ఒట్టు పింకీ మీద పడితే ఎవరు భరిస్తారు?" పింకీ మా కూతురు. యూనివర్సిటీలో చదువుతోంది.

"గ్రెగ్ పిల్లలకి ఏమన్నా అయిందా?"

"మీరే అన్నారుగా. గ్రెగ్‌కి తెలీదు, మనకి తెలుసని."

"మరి వాటికి తిండి?"

"పెట్టండి. ఇన్నాళ్ళూ నేను మీకు పెట్టలేదా?"

కంచె వదిలి ఇంటిదారి పట్టాను.

పింకీకి ఫోన్ చేసి చెబితే, "డాడ్, యూ షుడ్ హావ్ జస్ట్ సెడ్ నో," అంది.

"నో అనే అన్నాను తల్లీ. మీ అమ్మ ఎస్ అంది."

ఈలోగా హెలెన్స్‌బర్గ్ గుళ్ళో కాత్యాయనిగారు, మురళి కూడా మారాడు, గోశాల పెడుతున్నాడు అని చెప్పారట. స్కోఫీల్డ్స్ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. నన్ను కారులో కూర్చోబెట్టినవాళ్ళే ఇప్పుడు నా పేరు చివర గారు తగిలించి, తొలిచూలు దూడలకు పసుపూ కుంకుమా పెట్టడానికి పిల్లల్ని తీసుకొస్తామన్నారు. గడ్డిమోపులు తెస్తామని ఒక్కరూ అనలేదు. కొయ్యని కోడెల్ని ముసలివయ్యేదాకా మేపాలంటే ఏం కావాలో ఆ పసుపుకుంకుమలకు తెలియదు.

కబేళాకు ఫోన్ చేశాను. సూపర్‌వైజరు నన్ను మరిచిపోలేదు. పాత చోటే ఖాళీగా ఉంది, వచ్చెయ్ అన్నాడు. అలా మళ్ళీ కత్తి పట్టాను. ఎవరి పశువుల్నో కోస్తున్నాను, కొయ్యకూడని నా పశువుల కోసం.

ఎండలు ముదిరి గడ్డి పసుపురంగుకు తిరిగాక, చూలు పరీక్షకు పశువుల డాక్టరమ్మ వచ్చింది. పెయ్యల్ని ఇరుకుదారిలోకి ఒక్కొక్కటిగా తోలాను. ఆమె భుజందాకా చేతితొడుగు వేసుకుని లోపల తడిమి చూసి, చూలు కట్టినదాని నడుము మీద నీలం సుద్దతో గీత పెడుతోంది. గీత మీద గీత పడుతుంటే ఇదివరకైతే ఎగిరేవాణ్ణి. ప్రతి గీతా నాకింకో ఏడాది కత్తిలా కనబడింది.

చివరికి ఒకదాని దగ్గర ఆగింది. మళ్ళీ చూసింది. "ఎంప్టీ," అంది. సుద్ద జేబులో పెట్టుకుంది.

మందలో బాగా ఎదిగిన పెయ్య అది. నిగనిగలాడుతోంది. తొలిసారి కట్టని పెయ్యను ఈ వ్యాపారంలో ఎవరూ ఉంచుకోరు. తిండి దండగ. నేను దుర్గ వంక చూశాను. నా నోటితో చెప్పకూడదనుకున్నాను. దాన్నీ ఉంచుకుందాం అంటుందేమో, అంటే ఏం చెయ్యాలో అనుకున్నాను.

ఆమె దాని మొహంలోకి కాసేపు చూసింది. చెమట తుడుచుకుంది.

"దీనికి ఒట్టు లేదుగా," అంది. "నేను చెప్పింది పుట్టే దూడలకే."



దాన్ని ఏ వైపు వదలమంటారని డాక్టరమ్మ నన్ను అడిగింది. లారీ వచ్చే వైపున్న చిన్న దొడ్డిలోకి వదలమని దుర్గే చెప్పింది. చెప్పి, తనే వెళ్ళి గేటు తీసి పట్టుకుంది.