కవరు తీసి కూర్చోండి

సోఫాల షాపులో పనివాళ్లు ఓనరు పెద్దాయనకు పెట్టుకున్న పేరు కవర్‌గారు. కొనడానికి వచ్చినవాళ్లు ప్లాస్టిక్ కవరు మీదే ఒదిగి ఒదిగి కూర్చుంటే ఆయనకు ఒళ్లు మండేది. చర్రున కవరు లాగేసి, "కవరు తీసి కూర్చోండి. కూర్చోవడానికి కొంటున్నారా, దాచుకోవడానికా?" అంటూ వాళ్ల పక్కనే చతికిలబడేవాడు. అక్కడే సగం బేరం తెగేది. ముప్పై ఏళ్లు అలా కూర్చునే షాపును నిలబెట్టాడు.

ప్రోస్టేట్ క్యాన్సర్ అన్నప్పుడు కూడా జంకలేదు. ఎనిమిది వారాలు రేడియేషన్‌కు వెళ్లొచ్చాడు. ఏడాది తిరిగేసరికి రక్తపరీక్షలో క్యాన్సర్ అంకె పాతాళానికి దిగింది. "ఇంకో పదిహేనేళ్లకు ఢోకా లేదు" అన్నాడు డాక్టరు. గండం గడిచి పిండం బయటపడిందన్నారు చుట్టాలు.

ఆ తర్వాత మొదలైంది అసలు బాధ. రేడియేషన్‌కు లోపల పేగు, మూత్రాశయం కమిలాయట. కొద్దిమందికి ఆలస్యంగా అలా అవుతుందట. ఆ కొద్దిమందిలో ఈయన ఉండాలా? చెప్పాపెట్టకుండా రక్తం పడేది. మూత్రం వస్తోందని తెలిసేలోపే వచ్చేసేది. డాక్టరు మందులిచ్చి ఓపిక పట్టమన్నాడు.

ఒక శనివారం కొత్త జంట పక్కన మీగడరంగు సోఫాలో కూర్చుని బేరం తెంపి, లేచాడు. ఆ అమ్మాయి ఆయన లేచిన చోటు చూసి మొగుడి చెయ్యి పట్టుకుంది. మళ్లీ వస్తామని ఇద్దరూ వెళ్లిపోయారు. పెద్దాయనకు తల కొట్టేసినట్టయింది.

సోమవారం వచ్చేసరికి తమ్ముడు గోడౌన్ తలుపు పక్కన ఒక కుర్చీ వేయించాడు. దానికి కవరు చుట్టి, టేపు కూడా అంటించాడు.

"అన్నయ్యా, ఇకమీదట నువ్విక్కడ కూర్చుని డెలివరీ చీటీలు చూసుకో."

"బేరాలెవరు చేస్తార్రా?"

"నేనున్నాగా. బతికుంటే బలుసాకు తినొచ్చంటారు. బతికావు, అది చాలదా?"

పనివాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు. షాపు ఆయనది. తమ్ముణ్ణి వేలు పట్టుకుని తెచ్చిందీ ఆయనే. ఒక్క మాట గట్టిగా అంటే చాలు. కానీ ఆ మాట అంటే శనివారం సంగతి నలుగురిలో బయటికొస్తుంది. మింగలేక కక్కలేక కూర్చున్నాడు. కదిలినప్పుడల్లా కవరు కరకరలాడింది, కొనేవాళ్లు తలతిప్పి చూశారు. సాయంత్రానికల్లా కదలకుండా కూర్చోవడం నేర్చుకున్నాడు.

ఇంట్లోనైనా సుఖంగా ఒరుగుదామని వచ్చాడు. రేడియేషన్ ముగిసిన రోజున షాపులోకెల్లా మంచి సోఫా ఇంటికి తెచ్చి, భార్య వద్దంటున్నా తన చేత్తోనే కవరు చింపాడు. ఇప్పుడు దాని మీద, సరిగ్గా ఆయన కూర్చునే వైపే, కొత్త కవరు ఉంది.

"ఇదెక్కడిది?"

"మీ తమ్ముడు పంపాడండీ. మంచానిక్కూడా కొలత తీసుకెళ్లాడు."

ఆమె గొంతులో కోపం లేదు. కోపముంటే ఆయన తట్టుకునేవాడు.

"డాక్టరు పదిహేనేళ్లకు ఢోకా లేదన్నాడుగా," అంది కవరు ముడతలు సాపుచేస్తూ. "సోఫా కూడా అన్నాళ్లు రావద్దా మరి? కూర్చోండి."