పైకి చెప్పిన పేరు

వాషింగ్టన్ ఇక చాలనుకుని తన పొలానికి వెళ్ళిపోతున్న ఏడాది అది. తర్వాతి అధ్యక్షుణ్ణి ఎంచడానికి మా ప్రాంతం నుంచి ఒక పెద్దమనిషిని పంపాలి. ఆడమ్స్‌ను ఎంచుతానని మా భూస్వామి థార్న్‌లీ నిలబడ్డాడు, జెఫర్సన్‌ను ఎంచుతానని డాక్టర్ గిలియం. నేనూ, నా భార్య తమ్ముడు మైకేజా ఇద్దరం థార్న్‌లీ కౌలుదార్లమే. కౌలు కాగితంలో పేరున్నవాళ్ళు బతికున్నంతకాలమే భూమి మాది.

"మాట తప్పవుగా బావా?" అన్నాడు మైకేజా, కోర్టుకు నడుస్తూ.

"గిలియం పేరు గుర్రాలు బెదిరేలా అరుస్తా, చూడు."

"నువ్వా! పందులు తోటలో పడ్డా నోరెత్తవు."

కోర్టులో షెరీఫ్, రాసుకునే గుమాస్తా, వాళ్ళకు చెరోపక్క పోటీదార్లు. పేరు అందరిముందూ పైకి చెప్పాలి. నా వంతు వచ్చేసరికి థార్న్‌లీ నవ్వాడు.

"కాగితంలో మీ పెద్దాడి పేరు చేర్చమన్నావు కదూ అబ్నర్? గుర్తుందిలే."

అంతే. బెదిరించలేదు.

"ఎవరికి?" అన్నాడు షెరీఫ్.

"థార్న్‌లీ గారికి."

ఆయన లేచి తల వంచాడు. "చాలా సంతోషం, ఫ్యుగేట్ గారూ." నన్ను గారూ అనడం అదే మొదలు.

వెనక మైకేజా ఉన్నాడు. తిరిగి చూడలేదు. వాడు ముందుకొచ్చి, భోజనం దగ్గర ఉప్పు అడిగినట్టు, "డాక్టర్ గిలియం" అన్నాడు.

ఇంటికి వేర్వేరుగా నడిచాం. నాకంటే ముందే కబురు చేరింది. నా భార్య డోర్కస్ రొట్టె నా ముందు పెట్టి పొయ్యి వైపు తిరిగింది.

ఆడమ్స్ గెలిచాడు. మా పెద్దాడి పేరు కాగితంలోకి ఎక్కింది. ఆ చలికి మామగారు పోయారు. మైకేజా కాగితంలో ఉన్నది ఆయన పేరొక్కటే. థార్న్‌లీ కొత్తది రాసివ్వలేదు.

మార్చిలో మైకేజా కెంటకీకి బండి కట్టాడు. సాయానికి నన్నే పిలిచాడు.

"తాడు గట్టిగా లాగు బావా. భయపడకు, ఇక్కడ గుమాస్తా లేడు."

లాగాను. ముడి రెండోసారీ బిగించాను. వాడు అక్కను కావలించుకుని బండెక్కాడు.

నాలుగేళ్ళకు పద్ధతి మారింది. పైకి చెప్పక్కర్లేదు, రాష్ట్రమంతా కలిసి పంపే పెద్దమనుషుల పేర్లు కాగితం మీద రాసిస్తే చాలు. జెఫర్సన్ పక్షం పేర్లే రాసిచ్చాను. మా పెద్దాడి కౌలుకు అప్పటికి ఏ ఢోకా లేదు.

జెఫర్సన్ గెలిచాడని తెలిసిన రోజు డోర్కస్ తమ్ముడికి ఉత్తరం రాయడానికి కూర్చుంది.

"ఈసారి మీరూ వాడి పక్షమేనని రాయనా?"

"వద్దు."

ఆమె కలం ఆపి నా వైపు చూసింది.

"మొక్కజొన్న బాగా పండిందని రాయి," అన్నాను.