రెండు మణికట్ల నడుమ

నేను ఒక నూలు తువ్వాలుని. శ్రీకాకుళం దగ్గర ఒక మగ్గం మీద పుట్టి, ‘కళింగ కెరటాలు’ అనే కబడ్డీ జట్టు సామాన్లతో విశాఖ చేరాను. నా రాత ఎలాంటిదంటే, నేను వెళ్ళేసరికే వాళ్ళు వరుసగా ఏడు ఆటలు ఓడిపోయి ఉన్నారు. ఏడుపు మొహాలు తుడవడమే నా మొదటి ఉద్యోగం.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, యజమాని చొక్కాల రంగు మార్చాడు, గుమ్మడికాయ కొట్టించాడు, ఇద్దరు కోచ్‌లను ఇంటికి పంపాడు. మొహాలు తుడుస్తూ అందరి మాటలూ విన్నాను కాబట్టి అసలు సంగతి నాకు తెలుసు. మూలన నిలబడే తవిటినాయుడు, అతని పక్కనుండే ఎర్రన్న ఒకప్పుడు చేయీ చేయీ పట్టుకుని, కూతకొచ్చినవాణ్ణి కలిసి పడగొట్టేవారు. ఒక ఆటలో, ఆఖరి నిమిషంలో, ఎర్రన్న చెయ్యి వదిలేశాడు. ఆట పోయింది. అప్పటినుంచి వాళ్ళకు మాటల్లేవు. ఎవరికి వారే దూకడం, ఎవరికి వారే బోర్లా పడడం. ఇంకొక్కటి ఓడితే నాయుణ్ణి జట్టులోంచి తీసేస్తామని యజమాని చెప్పేశాడు.

మూడో కోచ్ పైడిశెట్టి మాస్టారు వచ్చీ రాగానే నాయుడి కుడి మణికట్టునీ ఎర్రన్న ఎడమ మణికట్టునీ నాతో కలిపి కట్టేశాడు.

“ఇప్పీసినారంటే ఊరుకోను. అన్నం కూడా ఇలాగే తినండి” అన్నాడు.

నాయుడు ముద్ద ఎత్తితే ఎర్రన్న చెయ్యీ లేచేది. జట్టంతా నవ్వింది. వాళ్ళిద్దరూ నవ్వలేదు. నాకు మాత్రం ఆ రెండు నాడులూ రెండు వైపులా కొట్టుకుంటుంటే ప్రాణం లేచొచ్చింది.

మూడోనాడు నాయుడు ఉండబట్టలేక అడిగాడు. “ఆ దినం చెయ్యి ఎందుకొగ్గీసినావురా?”

“ఏలు ఇరిగిపోనాదన్నా. సెప్తే బయట కూకోబెడతారని సెప్పనేదు.”

నాయుడు చాలాసేపు ఆ వంకరవేలు నిమురుతూ కూర్చున్నాడు. నామీద రెండు చుక్కలు పడ్డాయి. ఎవరివో చెప్పను.

ఎనిమిదో ఆటకు నన్ను విప్పేశారు. ఆఖరి కూతకు అవతలివాడు గీత దాటి లోపలికొచ్చాడు. నాయుడు చెయ్యి చాపాడు, చూడకుండానే. ఎర్రన్న అందుకున్నాడు. ఇద్దరూ కలిసి వాణ్ణి ఆట చాపమీద పరిచేశారు. బల్ల మీద పడున్న నన్ను ఎవరో గాల్లోకి విసిరారు.

నాయుడు జట్టులోనే ఉన్నాడు. తర్వాత చాలా ఆటలే గెలిచారు. ఇప్పుడు నేను చాప మీది చెమట తుడుస్తున్నాను. వాళ్ళ అడుగుల తడి తగిలినప్పుడల్లా ఆ మూడు రోజులే గుర్తొస్తాయి. ఎంత బిగించి కట్టారో, అంత బాగుండేది. అయినా వాళ్ళు గెలవాలనే కోరుకుంటాను. గెలిచినంతకాలం నన్నెవరూ కట్టరు.