పెద్దల్లుడి పెత్తనం

దిండు గలీబు మూలలోకి ఇస్త్రీపెట్టె ముక్కును దూర్చి, ముడత పోయేదాకా నొక్కిపట్టి, అతను పెట్టెను పక్కన నిలబెట్టాడు. మెడ చుట్టూ ఉన్న తువ్వాలు అప్పుడే ఆరిపోయింది. దాన్ని బకెట్లో ముంచి, పిండి, మళ్లీ చుట్టుకున్నాడు. వేడి తగిలితే అతని కాళ్లు మాట వినవు, చూపు మసకేస్తుంది. పొద్దస్తమానం ఆవిరిలో నిలబడి బతికే మనిషికి వేడి గిట్టని జబ్బే రావాలా?

లాండ్రీలో అతన్ని మడత మేస్త్రి అంటారు. అతను మడిచిన దుప్పటిని బల్లమీదికి విసిరినా విప్పుకోదు. జబ్బు పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్, నరాలది. నోరు తిరగక భార్యాభర్తలు దానికి పెద్దల్లుడని పేరు పెట్టుకున్నారు. చెప్పకుండా వస్తాడు, వస్తే ఓ పట్టాన కదలడు, ఇంటిల్లిపాదీ వాడి చుట్టూ తిరగాలి. తర్వాత వచ్చిన షుగరూ బీపీ చిన్నల్లుళ్లు. వాళ్ల మొహం చూసిందెవరు? అరికాలు తిమ్మిరెక్కినా, తల తిరిగినా, అంతా పెద్దల్లుడి పెత్తనమే అనుకున్నారు. నీరసంగా ఉందంటే చాలు, భార్య గ్లూకోజు కలిపి ఇచ్చేది. పంచదారను గడప తొక్కనివ్వని మనిషే. కానీ మందుల షాపులో అమ్మేది మందవుతుంది గాని తీపెలా అవుతుంది?

ఈ పొద్దున ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆ సంగతి విని మందుల చీటీ రాయడం ఆపింది.

“మీ నడక ఇంత తొందరగా పాడవడానికి నరాల జబ్బొక్కటే కారణం కాదండీ. షుగరూ బీపీ దానికి తోడయ్యాయి. ముందే అదుపులో పెట్టుకుని ఉంటే ఇంకొన్నాళ్లు బాగా తిరిగేవారేమో.”

“ఇప్పుడు మొదలుపెడితే?”

“పోయింది తిరిగి రాకపోవచ్చు. ఉన్నది నిలబెట్టుకుందాం.”

ఆ ఉన్నదే అతని బతుకంతా. బల్ల దగ్గర నిలబడగలిగితేనే పని. కూర్చుని ఇస్త్రీ చేసేవాళ్లు తనకు అక్కర్లేదని యజమాని మొహమాటం లేకుండా చెప్పేశాడు. అందుకే కుడికాలు ఈడుస్తూ, పొట్టను బల్ల అంచుకు ఆనించి నెట్టుకొస్తున్నాడు. పోయిన నడకలో కొంత తమ చేతులారా పోగొట్టుకున్నదేనని ఈ పొద్దునే తెలిసింది. ఎవర్ని తిట్టాలి? ఇన్నాళ్లూ పెద్దల్లుణ్ణి తిట్టాడు. ఇప్పుడు అదే లాండ్రీలో ఎదురుగా దుప్పట్లు మడుస్తున్న భార్య తప్ప ఎవరూ లేరు. ఆమెను ఏమంటాడు?

ఆమే అంది. “ఆ గ్లూకోజు నా చేత్తో నేనే పోశానండీ.”

“ఊరుకోవే. పెద్దాడికి మర్యాదలు ఎక్కువయ్యాయని చిన్నాళ్లు అలిగారు. ఇకమీదట వాళ్ల సంగతీ చూద్దాం.”

ఆమె నవ్వలేదు. అతనికీ నవ్వు రాలేదు.

మధ్యాహ్నం దాటాక ఒళ్లంతా చెమట పట్టింది. తువ్వాలు తడిపినా తగ్గలేదు. ఎడమచెయ్యి బరువెక్కింది, దవడ లాగుతోంది.

“డాక్టరమ్మకి ఫోన్ చేయనా?” అంది భార్య.

“పొద్దున్నే కదే చూపించుకొచ్చాం. ఇది పెద్దల్లుడే. వాడి వరస నాకు తెలీదా? కాసేపాగితే పోతాడు.”

“పోనీ కూర్చోండి.”

“కూర్చుంటే యజమాని ఇంటికి పంపేస్తాడు.”

ఆమె చేతిలో దుప్పటి వదిలేసి ముందుగదిలోకి వెళ్లింది. యజమాని ఎదుట ఏనాడూ నోరెత్తని మనిషి, ఆయన కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. ఆయన విసుక్కున్నాడు, గొణిగాడు, చివరికి తాను కూర్చున్న ఎత్తు స్టూలు మీంచి లేచి దాన్నే ఆమె వైపు తోశాడు.

“తీసుకెళ్లు. పని మాత్రం ఆగకూడదు.”

ఆమె దాన్ని రెండు చేతులతో ఎత్తుకుని దాదాపు పరుగెత్తింది. “ఒప్పుకున్నాడండీ! కూర్చునే చేసుకోవచ్చంట!”

అతను మడత దుప్పట్ల మీద చెంప ఆనించి ఒరిగిపోయి ఉన్నాడు. ఇస్త్రీపెట్టెను మాత్రం బట్ట కాలకుండా పద్ధతిగా నిలబెట్టాడు. ఆమె స్టూలు దించేసి, తువ్వాలు తడిపి అతని మెడకు చుట్టింది. పెద్దల్లుడు వచ్చినప్పుడు ఎప్పుడూ చేసేది అదే. నలుగురూ వచ్చి అతన్ని ఎత్తుతున్నప్పుడు కూడా “కాసేపాగితే లేస్తాడు” అంటూనే ఉంది.

గుండె ఆగిపోయిందని ఆస్పత్రిలో చెప్పారు. చెమటలు పట్టినప్పుడే ఎందుకు తీసుకురాలేదని అడిగారు.

ఆ సాయంత్రం యజమాని ముందుగదిలో నిలబడే వచ్చినవాళ్లకు బట్టలు అందించాడు. వెనకగదిలో, గుమ్మానికీ బల్లకూ మధ్య, ఆమె దించిన చోటే ఉంది ఎత్తు స్టూలు.