సాయంత్రపు గడ్డం

తెనాలిలో లాజరు రోజుకు రెండుసార్లు గడ్డం గీయించుకునేవాడు. పొద్దున ఎనిమిదింటికి ఒకసారి, ఆఫీసు వదిలాక ఒకసారి. అనాల్సిన మాట అనకుండా మింగేస్తే ఆయనకు గడ్డం మొలుస్తుంది. మామూలు రోజున బెత్తెడు. ఆఫీసరు బసవేశ్వరరావు అందరి ముందూ కసిరిన రోజున బొడ్డు దాకా. స్టేషను దగ్గర షాపులో గంగయ్య ముందు కత్తెరతో కోసి, తర్వాత కత్తి పెట్టేవాడు. "ఇవాళ ఏమన్నాడండీ?" అని అడిగేవాడు. లాజరు చెప్పేవాడు కాదు. ఇంకో అంగుళం పెరిగేది. ఇంటికెళ్ళి భార్య కాంతమ్మకూ చెప్పకపోయేసరికి మళ్ళీ చెంపలు గరుకు తేలేవి.

పన్నెండేళ్ళుగా ఇదే వరస. హెడ్ క్లర్కు పోస్టు రెండుసార్లు ఖాళీ అయింది. రెండుసార్లూ లాజరు దగ్గర పని నేర్చుకున్నవాళ్ళకే పోయింది. ఆ పోస్టు తేలేది ఆఫీసులో కాదు, కాలవ గట్టున ఉన్న క్లబ్బులో. పంచె కట్టినవాడికి అక్కడ ప్రవేశం లేదని బోర్డు ఉంది. ప్యాంటు వేసుకున్నా లాజరు పేట వాళ్ళకు లేదు గానీ, ఆ సంగతి బోర్డు మీద రాయలేదు. ఆ మాత్రం సిగ్గు ఆ పెద్దమనుషులకు ఉంది మరి!

డెబ్బైరెండులో ఆ పోస్టు మూడోసారి ఖాళీ అయింది. ఆ వారం శనివారమే బసవేశ్వరరావు పిలిచాడు.

"ఏమయ్యా లాజరూ, సాయంత్రం క్లబ్బుకి రా. హైదరాబాదు నుంచి పెద్దసారు వస్తున్నారు. కాస్త నీటుగా తయారవ్వు."

గంగయ్య ఆ రోజు కొత్త బ్లేడు తీశాడు.

"క్లబ్బు మొహాలన్నీ నా చేతికిందవేనండి. నే చెప్పినట్టు చెయ్యండి. సైడ్‌లాక్స్ చెవి తమ్మె దాకా ఉంచుదాం, ఇప్పుడంతా అదే. తలకి క్రీము వేలికొసంత చాలు, ఎక్కువైతే కాలరు మీదకి కారుద్ది. మొహానికి రాసిన స్నో మీద పౌడరు అద్దాలి, పుయ్యకూడదు. బూట్లు మాత్రం మెరవాలండి. వాళ్ళు ముందు చూసేది కాళ్ళ వంకే." పటికముక్క చెంపలకు రుద్దుతూ అన్నాడు, "ఈ ఒక్కపూటా ఏ మాటా మింగకండి."

ఇంటి దగ్గర కాంతమ్మ పెళ్ళికోటు కుట్లు విప్పి వదులు చేసింది. టెర్లిన్ చొక్కా ఇస్త్రీ చేసింది.

"అక్కడెవరన్నా ఏదన్నా అంటే?"

"అననీ. ఆర్డరు చేతికొచ్చేదాకా ఓర్చుకుంటాను."

క్లబ్బులో బసవేశ్వరరావు ఆయన్ని తలనుంచి బూట్ల దాకా చూసి మెచ్చుకున్నాడు. "బాగా తయారయ్యావు. అందుకే నిన్ను రమ్మన్నది. బంట్రోతుకి జ్వరం. ఆ ట్రే తీసుకుని గ్లాసులందించు. కోటు విప్పెయ్, మరకలవుతాయి."

లాజరుకు ఒళ్ళు మండిపోయింది. అయినా ట్రే అందుకున్నాడు. కోటు మాత్రం విప్పలేదు. మొదటి వరస గ్లాసులు అయ్యేసరికి గడ్డం కోటు గుండీలు దాటింది. రెండో వరసకు మోకాళ్ళు దాటింది. పేకాడేవాళ్ళు కాళ్ళెత్తి దానికి దారిచ్చారు.

"చూసుకోవయ్యా, గడ్డం సోడాలో పడుతోంది" అన్నాడొకాయన ముక్కల్లోంచి తలెత్తకుండా.

"ఎవరితను?" అన్నారు పెద్దసారు.

"మనవాడే సార్. పాపం, చెప్పిన పని చేస్తాడు" అన్నాడు బసవేశ్వరరావు.

లాజరు ట్రే తెచ్చి పేకముక్కల మీదే పెట్టాడు.

"నేను క్లర్కునండి" అన్నాడు. మూరెడు గడ్డం తెగి నేల మీద పడింది. "పన్నెండేళ్ళుగా ఈయన సంతకం పెట్టే ప్రతి కాయితం రాసింది నేను. నా దగ్గర ఫైలు కట్టడం నేర్చుకున్నవాళ్ళు నా పైన హెడ్ క్లర్కులయ్యారు. నాకెందుకివ్వలేదు సార్? నా పనిలో తప్పుంటే చెప్పండి. తప్పు నేను పుట్టిన పేటదైతే, అదైనా నోరు విప్పి చెప్పండి. ఇక్కడే, ఇందరి ముందూ."

చివరి వెంట్రుక కూడా రాలిపోయింది. బసవేశ్వరరావు పెద్దసారు వంక చూశాడు. నోరు తెరిచాడు, మూశాడు. లాజరు పెళ్ళికోటు సర్దుకుని బయటికి నడిచాడు.

సోమవారం ఆర్డరు వచ్చింది. హెడ్ క్లర్కుగా కాదు, రేపల్లెకు బదిలీ. "ఇది అన్యాయం. పైకి రాస్తాను" అని లాజరు ఆఫీసంతా వినబడేలా అన్నాడు, అక్కడే కూర్చుని రాశాడు. ఆ సాయంత్రం షాపుకు వెళ్ళకుండా ఇంటికి వెళ్ళి, జరిగిందంతా కాంతమ్మకు పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆవిడ ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టి చూసింది. చిన్నప్పటి గాటు ఒకటి నున్నగా తగిలింది.

"ఇదిక్కడుందన్న సంగతే మర్చిపోయానండీ" అంది.

అదే వేళకు గంగయ్య షాపులోకి బసవేశ్వరరావు వచ్చాడు, ఆ రోజుకు రెండోసారి. మెడ చుట్టూ కప్పుకున్న తువ్వాలు కిందనుంచి గడ్డం బొడ్డు దాకా వేలాడుతోంది. గంగయ్య కత్తెర తీశాడు.

"శనివారం లాజరు గారడిగినదానికి జవాబేంటండీ?"

బసవేశ్వరరావు చెప్పలేదు. ఇంకో అంగుళం పెరిగింది.