నల్లగుడ్డ కింద ఈగలు

ఇది జరిగింది యాభై ఏడులోనా, యాభై తొమ్మిదిలోనా అన్నది ఈ కథ చెప్పేవాడికి ఇప్పుడు గట్టిగా తెలియదు. పెనుకొండలో ఆ ఇంటి నడవకు ఎన్ని స్తంభాలున్నాయో, ఆ రోజు ఎండ ఏ వైపు నుంచి పడుతోందో అడిగినా తడబడతాడు. ఈగల విషయంలో మాత్రం అతనికి అనుమానం లేదు.

హిందూపురం బెల్లం మండీ వెనక సందులో మార్కండేయులు ఫోటో స్టూడియో ఉండేది. పొద్దున్నే తలుపు తీసి, మూడుకాళ్ల స్టాండు మీది పెట్టె కెమెరాకు దుమ్ము తుడిచి, నల్లగుడ్డను గడప బయట దులిపి అతడు పనిలోకి దిగేవాడు. ఆ కెమెరా వెనక చదరంగా ఒక గరుకు గాజు. లెన్సు ముందు కూర్చున్న మనిషి దాని మీద తలకిందులుగా కనిపిస్తాడు. బయటి వెలుతురు పడితే ఆ బొమ్మ వెలిసిపోతుంది. అందుకే నల్లగుడ్డను తల మీదుగా కప్పుకొని, అంచులు గడ్డం కింద బిగించి, ఆ చీకట్లో బొమ్మను సరిచూసుకోవాలి. ముసుగు ఎంత బిగువైతే బొమ్మ అంత తేట.

ముసుగు బిగిస్తే ఈగలు కూడా కనిపించేవి. మనిషి ఏ అవయవంతో తప్పు చేస్తే, గాజు మీది బొమ్మలో ఆ చోటనే వాలేవి. తూకం తగ్గించే వేళ్ల మీద నాలుగు, చాడీలు చెప్పే పెదవుల మీద రెండు. బయట చూస్తే ఆ మనుషుల మీద ఒక్కటీ ఉండదు. గాజు మీద మాత్రం అవి తలకిందుల మొహాల మీద నిమ్మళంగా నడుస్తూ, ముందుకాళ్లు రుద్దుకుంటూ, కంటి కొలకుల్లో మూతులు పెట్టేవి. మార్కండేయులు గాజు మీద ఏది చూస్తే అదే ఫోటో ప్లేటులోకి దిగేది. అతడు చూడనిది దిగేది కాదు.

ఊరికి ఇది కొత్త కాదు. "కొంచెం వదులుగా కప్పుకోప్పా," అని కుర్చీలో కూర్చుంటూనే చెప్పేవాళ్లు. చింతపండు వర్తకుడు భాస్కరయ్య అయితే, "పోయినసారి నా మీద ఎన్ని ఉండె మార్కండేయులూ? మా బామ్మర్దికంటే తక్కువేనా?" అని అడిగేవాడు.

"ఇద్దరికీ సమానమే సావుకారీ. కదలకుండా కూచోండి."

అలా ముసుగు వదులు చేసీ చేసీ, హిందూపురంలో గోడకెక్కిన ఫోటోలన్నీ అలికినట్టు ఉండేవి. ధర్మవరం చుట్టాలు వచ్చి, మా పట్టుచీర అంచు కూడా తెలియడం లేదే అంటే, మా ఊరి ఎండ అంతే అని సర్దిచెప్పేవాళ్లు.

మండీలో బెల్లం దిమ్మెలను కప్పేసే ఈగలను చూస్తే మార్కండేయులుకు ఏమీ అనిపించేది కాదు. అవి తీపి కోసం వచ్చినవి. గాజు మీది ఈగలే అతని తిండి చెడగొట్టాయి. పెరుగన్నంలో ఆవగింజ కనిపిస్తే కంచం పక్కకు తోసేవాడు. భార్య పద్మావతమ్మ చివరికి పోపు వేయడమే మానేసింది. తన రోత ఆ ఈగల మీదనా, వాటిని కనబడకుండా పోనిచ్చే తన చేతుల మీదనా అన్న ప్రశ్నను అతడు చాలా ఏళ్లు దగ్గరికి రానివ్వలేదు.

పెనుకొండ రైతు చెన్నకేశవులు అతణ్ణి పిలిపించింది అప్పుడే. చనిపోయిన తమ్ముడి భార్య సరస్వతమ్మకు బావి కింద రెండెకరాల చెనిక్కాయ చేను ఉంది. ఆమె దాన్ని ఇష్టపడి తనకు ఇచ్చేస్తున్నట్టు చెన్నకేశవులు కాగితం రాయించాడు. జబ్బుతో కదల్లేదని చెప్పి, ఆమె వేలిముద్ర వేస్తున్న ఫోటో జతచేశాడు. అది అలికినట్టు ఉండటంతో రిజిస్ట్రేషన్ అధికారి తిప్పి పంపాడు. మనిషీ, ముద్రా స్పష్టంగా ఉండాలనీ, కొత్త ఫోటోను తీసినవాడే తెచ్చి తన చేతికి ఇవ్వాలనీ రాశాడు. మూడు రోజుల కిందట సరస్వతమ్మను బయటికి పంపి ఆమె ఇంటికి తాళం వేశారు. మళ్లీ వేలు పెడితేనే తీస్తామన్నారు. చేను పోతే ఆమెకు మిగిలేది ఎవరి వసారాలోనో చాప పరుచుకునే చోటు.

చెన్నకేశవులు ఇంటి నడవలో బెంచీ వేసి ఆమెను మధ్యలో కూర్చోబెట్టారు. ఒళ్లో పలక, దాని మీద కాగితం. ఒక పక్క, ఆమె ఇష్టపడే ఇస్తోందని సాక్ష్యం చెప్పే ముగ్గురు పెద్దమనుషులు, ఇంకో పక్క చెన్నకేశవులు.

"ఆయమ్మ మొగమూ, వేలూ కండ్లకు కొట్టినట్టు పడాల," అన్నాడు చెన్నకేశవులు. "ఈగలు పడగూడదు."

"రెండూ ఎట్లయితాయి సామీ? బిగిస్తే అన్నీ పడతాయి."

"నడిమధ్య బిగించు, పక్కలు వదిలెయ్. మేము పక్కన్నే కదా నిలబడేది. ఆయమ్మ మీద ఈగ యాడ వాలుతాది, నోట్లో నాలికే లేదు."

"నన్ను ఇంకొంచెం పక్కకు జరపప్పా," అన్నాడు పెద్దమనుషుల్లో ఒకడైన తిమ్మప్ప. "ఫోటోలో భుజం పడితే చాలు."

సరస్వతమ్మ తల ఎత్తింది. "మార్కండేయులన్నా, నువ్వు తీసిన ఫోటోనే మా ఇంటాయనకు పటం కట్టించినా. దాన్ని చూసీ చూసీ ఆయప్ప మొగం ఎట్లుండేదో మరిచిపోతి. ఆయప్ప మీద ఈగలుండెనా?"

"లేవమ్మా."

"మరి ఎందుకు వదులు చేస్తివి?"

అతడు గుడ్డ అంచు నలిపాడు. "అలవాటమ్మా," అన్నాడు.

తల గుడ్డలో దూర్చి, చెప్పినట్టే మధ్యలో బిగించి, రెండు పక్కలా వేలెడు సందు వదిలాడు. పక్కలు వెలిసిపోయాయి. మధ్యలో తలకిందులుగా సరస్వతమ్మ, ఒక్క ఈగ లేకుండా. "ఇప్పుడు ముద్ర," అన్నాడు లోపలినుంచి.

చెన్నకేశవులు చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకొని వేలును కాగితానికి అదిమాడు. మొహం దాచుకోవాలని గుర్తుంది అతనికి, చెయ్యి సంగతే మరిచాడు. గాజు మధ్యలోకి వచ్చిన ఆ చెయ్యి మోచేతి దాకా నల్లబడింది. ఈగలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, జారి, తలకిందుల బొమ్మలో పైకి రాలుతున్నాయి. అలవాటుగా మార్కండేయులు వేళ్లు గుడ్డను సడలించబోయాయి. అప్పుడు గాజుకు ఇవతల, అతని చూపుడువేలి మీద ఒకటి వాలి ముందుకాళ్లు రుద్దుకుంది. అన్నేళ్లలో ఇవతల ఎప్పుడూ వాలలేదు.

అతడు దాన్ని తోలలేదు. రెండు అంచులూ దగ్గరికి లాగి గడ్డం కింద బిగించాడు. పక్కనున్న నోళ్లు ఒక్కొక్కటే తేటపడ్డాయి. అన్నీ చూశాడు. లెన్సుకు మూత పెట్టి, గాజు చోట ప్లేటు దూర్చి, మూత తీసి నాలుగు లెక్కపెట్టాడు.

"పక్కలు వదిలినావు కదప్పా?" అన్నాడు చెన్నకేశవులు.

"చూడాల్సింది చూసినా సామీ."

అధికారి కళ్లజోడు పెట్టుకొని, మార్కండేయులు చేతికిచ్చిన ఫోటో చూశాడు. ఈగల గురించి ఏమీ అనలేదు. "ఈ ముద్ర ఎవరి చేత్తో పడిందో తెలుస్తానే ఉండాది," అని కాగితం మీద అడ్డంగా గీత కొట్టాడు. వారం లోపల సరస్వతమ్మ ఇంటి తాళం ఊడింది. ఆ ఏడు చెనిక్కాయ ఆమే పీకించింది. మార్కండేయులు స్టూడియోకు మనుషులు రావడం తగ్గింది. అతడు పెరుగన్నంలో పోపు మాత్రం మళ్లీ ఎన్నడూ వేయించుకోలేదు.

పెద్దమనుషులు ముగ్గురని చెప్పి, తిమ్మప్ప పేరు ఒక్కటే చెప్పడం మరుపు వల్ల కాదు. రెండోవాడు ఎర్రప్ప. మూడో ఆయన పేరును ఈ కథ చెప్పేవాడు కావాలనే వదిలేశాడు. ఆ ఫోటో నకలు ఒకటి ఇప్పటికీ అతని పెట్టెలో ఉంది. మూడో ఆయన పెదవుల మీద ఐదు ఈగలు, రెక్కల ఈనెలతో సహా స్పష్టంగా ఉన్నాయి. చిన్నప్పుడు ఈ కథ చెప్పేవాడికి మాటలు నేర్పింది ఆ పెదవులే.